సంతకం తర్వాత సంగతేమిటి?

మా అక్కకు థైరాయిడ్ గడ్డ తీయించాల్సి వచ్చినప్పుడు ఆసుపత్రివాళ్లు ఒక అంగీకార పత్రం ఇచ్చారు. అందులో మత్తుమందు వల్ల వచ్చే ప్రమాదాల గురించి పేజీన్నర ఉంది. రక్తస్రావం గురించి, గొంతు బొంగురుపోయే అవకాశం గురించి వివరంగా రాశారు. చివరి పేజీలో, సంతకం గీతకు కాస్త పైన, ఒకే ఒక వాక్యం: ‘తొలగించిన కణజాలాన్ని బోధనకు, పరిశోధనకు, ఇతర ప్రయోజనాలకు వినియోగించుకోవడానికి నాకు అభ్యంతరం లేదు.’ ఆ ఇతర ప్రయోజనాలు ఏమిటని అడిగాను. పత్రం తెచ్చిన నర్సు దాపరికం లేకుండా ‘ఇంతవరకు ఎవరూ అడగలేదండీ’ అంది. అక్క నావైపు విసుగ్గా చూసి, ‘తీసి పారేసే గడ్డతో నీకేం పనిరా, పెన్ను ఇలా ఇవ్వు’ అని సంతకం పెట్టేసింది.

అక్క మాటలో తప్పేమీ లేదు. ఆపరేషన్ బాగానే జరిగింది, గడ్డ ప్రమాదకరం కాదని తేలింది, ఆమె ఆ సంగతే మరిచిపోయింది. మరిచిపోలేకపోయింది నేనే. ఆ వాక్యం పట్టుకుని చాలా చదివాను, తెలిసినవాళ్లను విసిగించాను, చివరికి ఒక అభిప్రాయానికి వచ్చాను.

ఈ విషయం మీద వాదించేవాళ్లు సాధారణంగా రెండు పక్షాలుగా చీలిపోతారు. ‘నా ఒంట్లోంచి తీసింది నా సొత్తు, దాని మీద ఎవరైనా సంపాదిస్తే నాకు వాటా కావాలి’ అంటుంది ఒక పక్షం. ‘ఎలాగూ పారేసేదానితో లోకానికి మేలు జరుగుతుంటే మధ్యలో నీ అడ్డేమిటి’ అంటుంది రెండోది. నేను ఏ పక్షంలోనూ పూర్తిగా ఇమడలేను. ఒంటి నుంచి వేరైన కణజాలం నా ఆస్తి కానక్కరలేదు. కానీ దాన్ని దాచుకున్నవాళ్లు, దాచుకున్నంత కాలం, దానితో ఏం చేస్తున్నారో నాకు లెక్క చెప్పాలి. ఇప్పటి చట్టాల చూపంతా సంతకం పెట్టే క్షణం మీదే ఉంటుంది. అంతకుముందు ఏం చెప్పారు, ఏం దాచారు అని తరచి తరచి చూస్తాయి. ఆ తర్వాత ఇరవై ఏళ్లలో ఏం జరుగుతుందన్నది వాటికి పెద్దగా పట్టదు.

మూర్ గెలిచిన సగం

హెన్రియెట్టా లాక్స్ అనే అమెరికన్ రోగి క్యాన్సర్ కణాలను ఆమెకు చెప్పకుండా తీసుకుని పరిశోధనకు వాడిన కథ చాలామందికి తెలిసిందే కనుక దాన్ని మళ్లీ చెప్పను. నాకు అంతకంటే ఎక్కువ ఉపయోగపడింది జాన్ మూర్ కేసు. రక్తకణాల క్యాన్సర్‌లో ఒక అరుదైన రకం సోకి 1976లో లాస్ ఏంజెలెస్‌లోని విశ్వవిద్యాలయ ఆసుపత్రికి వెళ్లిన మూర్‌కు ప్లీహం తీసేయమని డాక్టర్ డేవిడ్ గోల్డ్ సలహా ఇచ్చాడు. అది సరైన వైద్యమే. మూర్ బతికాడు. ఆ తర్వాత 1983 వరకు ఆయన సియాటిల్ నుంచి అక్కడికి వచ్చి వెళ్తూనే ఉన్నాడు. వచ్చినప్పుడల్లా రక్తం, చర్మం, ఎముక మజ్జ, వీర్యం నమూనాలు తీసుకునేవారు. వైద్యంలో భాగమేనని ఆయన అనుకున్నాడు. ఆ కణాలనుంచి గోల్డ్ ఒక సెల్ లైన్, అంటే ల్యాబులో ఆగకుండా పెరుగుతూ ఉండే కణాల వరస, తయారుచేశాడు. 1984లో దానికి పేటెంటు వచ్చింది. అంతకుముందే ఒక బయోటెక్ కంపెనీతో ఒప్పందం కుదిరింది: గోల్డ్‌కు 75,000 షేర్ల మీద హక్కు, ఆయనకూ విశ్వవిద్యాలయానికీ కలిపి మూడేళ్లలో కనీసం 3,30,000 డాలర్లు.

ఈ కేసులో నన్ను ఎక్కువగా ఆలోచింపజేసింది డబ్బు కాదు. 1983లో మూర్ చేతికి ఒక పత్రం వచ్చింది. తన కణాల నుంచి తయారయ్యే దేనిమీదైనా హక్కులు ‘ఇస్తున్నాను’ లేదా ‘ఇవ్వడం లేదు’ అన్న వాటిలో ఒకదాని చుట్టూ సున్నా చుట్టాలి. మొదటిసారి ఇస్తున్నానన్నాడు. ప్రాణం కాపాడిన డాక్టరుతో పేచీ ఎందుకనుకున్నాడు. అదే పత్రం రెండోసారి ముందుకు రాగానే అనుమానం వచ్చింది. ఈసారి ఇవ్వడం లేదన్నాడు. ఆపైన లాయరు దగ్గరికి వెళ్లాడు.

కాలిఫోర్నియా సుప్రీం కోర్టు 1990 జులైలో తీర్పు చెప్పింది. ఒంటి నుంచి వేరైన కణాల మీద మూర్‌కు ఆస్తిహక్కు లేదంది. అలాంటి హక్కు ఇస్తే ఏ సెల్ లైన్ వాడితే ఎవరు కేసు వేస్తారోనని పరిశోధకులు భయపడతారంది. అయితే తనకు ఆర్థిక ప్రయోజనం ఉందన్న సంగతి రోగికి చెప్పకుండా అంగీకారం తీసుకోవడం డాక్టరు చేసిన తప్పేనంది. అంటే మూర్ సగం గెలిచాడు. తీర్పుతో విభేదించిన జస్టిస్ మాస్క్ ఆ సగం విలువ ఎంతో విప్పి చూపించాడు. సంగతి ముందే తెలిస్తే రోగి చేయగలిగింది ‘వద్దు’ అనడం ఒక్కటే. ‘సరే, కానీ నా షరతులు ఇవి’ అనే వీలు ఈ తీర్పులో అతనికి లేదు.

మాస్క్ మాటకు నేనొకటి కలుపుతాను. ‘వద్దు’ అనే ఆ హక్కు కూడా ఒకే ఒక్కసారి, ఆపరేషన్ బల్ల ఎక్కబోయే ముందు, మనిషి దేనికీ ‘వద్దు’ అనలేని సమయంలో దొరుకుతుంది. అక్కతో ఆ రోజు నేను వాదించకపోవడానికి కారణం అదే. గంటలో గొంతు కోయించుకోబోతున్న మనిషితో ఇతర ప్రయోజనాల గురించి చర్చ పెట్టడం క్రూరంగా ఉంటుంది. ఏళ్ల తరబడి చెల్లే అనుమతి తీసుకోవడానికి సరిగ్గా ఆ గంటనే ఎంచుకున్నవాళ్లను మాత్రం ఎవరూ క్రూరులనరు.

ఆస్తి అంటే తెగిపోవడమే

మూర్‌కు ఆస్తిహక్కు దక్కి ఉంటే బాగుండేదని చాలాకాలం అనిపించేది. ఇప్పుడు అనిపించడం లేదు.

మొదటి కారణం మామూలు లెక్క. ఒక్క మనిషి నమూనాకు విలువ దాదాపు ఉండదు. వేల నమూనాలు ఒకచోట చేరి, వాటి పక్కన వైద్య వివరాలు చేరి, వాటి మీద ఎవరో ఏళ్ల తరబడి పని చేస్తేనే విలువ పుడుతుంది. అందులో నా వాటా తేల్చడానికి కూర్చుంటే లాయర్లకు తప్ప ఎవరికీ ఏమీ మిగలదు. రెండో కారణం పేదరికం. అమ్ముకోవచ్చంటే అమ్ముకునేది ఎవరో మనకు తెలుసు.

మూడో కారణమే నాకు అసలైనదిగా కనిపిస్తుంది. ఆస్తిని ఆస్తి చేసేదే దాన్ని పూర్తిగా వదిలించుకోగల వీలు. అమ్మేసిన ఇంటికి కొత్త యజమాని ఏ రంగు వేశాడని అడిగే హక్కు అమ్మినవాడికి ఉండదు. కణాలు ఆస్తి అయిననాడు అంగీకార పత్రంలోని ఆ ఒక్క వాక్యం అమ్మకపు దస్తావేజు అవుతుంది. నాలుగు డాలర్లో, ఉచిత పరీక్షో చేతిలో పెట్టి అన్నీ రాయించుకుంటారు. అక్కడితో నా మాట చెల్లదు. ఆస్తిహక్కు కోరేవాళ్లు తమ చేతిలోకి వస్తుందనుకునే అధికారాన్ని మొదటి సంతకంతోనే పోగొట్టుకుంటారు.

దీనికి దగ్గరగా ఒకటి నిజంగానే జరిగింది. ప్రోస్టేట్ క్యాన్సర్ సర్జన్ విలియం కాటలోనా వాషింగ్టన్ విశ్వవిద్యాలయం వదిలి మరో చోటికి వెళ్తూ, నమూనాలు తనతో పంపాలని కోరమంటూ తన రోగులకు ఉత్తరాలు రాశాడు. దాదాపు 6,000 మంది అలాగే కోరుతూ సంతకాలు చేశారు. కోర్టు ఒప్పుకోలేదు. ఇచ్చినప్పుడే అవి విశ్వవిద్యాలయానికి దానంగా వెళ్లిపోయాయని తేల్చింది. 2007లో అప్పీలు కోర్టు దాన్నే ఖాయం చేసింది. నా కణాలు ఆస్తి అని ఒప్పుకున్నా, దానం చేసిన ఆస్తి మీద దాతకు పెత్తనం ఉండదు కదా. ఆ 6,000 మంది వాటా అడగలేదన్నది గమనించాలి. తమకు నమ్మకం ఉన్న మనిషి దగ్గర నమూనాలు ఉండాలన్నారు, అంతే.

డబ్బు ప్రసక్తే లేని చోట కూడా గాయం ఇదే ఆకారంలో ఉంటుంది. లివర్‌పూల్‌లోని ఆల్డర్ హే పిల్లల ఆసుపత్రిలో 1988 నుంచి 1995 వరకు చనిపోయిన పిల్లల అవయవాలను తల్లిదండ్రులకు తెలియకుండా తీసి దాచిన సంగతి 2001 నాటి విచారణ నివేదికతో లోకానికి పూర్తిగా తెలిసింది. చాలామంది తల్లిదండ్రులు శవపరీక్ష పత్రం మీద సంతకం పెట్టినవాళ్లే. అందులో కణజాలం అని ఉంటే సూది మొనంత ముక్క అనుకున్నారు. గుండె, మెదడు అనుకోలేదు. బిడ్డను ఒకసారి పాతిపెట్టినవాళ్లు, తర్వాత ఆసుపత్రి తిరిగిచ్చిన అవయవాలకు రెండోసారి అంత్యక్రియలు జరిపారు. బ్రిటన్ 2004లో కొత్త చట్టం తెచ్చి, అంగీకారం లేనిదే ఏదీ ఉంచుకోరాదంది. మంచిదే. కానీ అదీ ముందు ద్వారం దగ్గర కాపలాయే.

1918 నాటి మైనపు దిమ్మలు

నా అభిప్రాయాన్ని బాగా ఇబ్బంది పెట్టింది ఒక స్నేహితురాలు. ఆమె పెథాలజిస్టు, అంటే రోగుల నుంచి తీసిన కణజాలాన్ని పరీక్షించే డాక్టరు. రోజంతా మైనంలో పొదిగిన కణజాలపు దిమ్మల మధ్య గడుపుతుంది. ‘నీ న్యాయం ప్రకారం నడిస్తే 1918 ఫ్లూ మహమ్మారి గురించి మనకు ఇవాళ్టికీ ఏమీ తెలిసేది కాదు’ అంది ఒకరోజు.

ఆమె చెప్పింది నిజం. ఆ మహమ్మారిలో చనిపోయిన అమెరికన్ సైనికుల ఊపిరితిత్తుల ముక్కలను ఫార్మాలిన్‌లో నానబెట్టి, మైనంలో పొదిగి సైనిక పెథాలజీ సంస్థ దాచింది. దాదాపు ఎనభై ఏళ్ల తర్వాత, 1997లో, జెఫ్రీ టాబెన్‌బర్గర్ బృందం ఆ దిమ్మల నుంచి వైరస్ జన్యు శకలాలను బయటికి తీసింది. 2005 నాటికి మొత్తం జన్యుక్రమం చేతికొచ్చింది. ఆ సైనికులను ఎవరూ అడగలేదు. అడిగినా అర్థమయ్యేది కాదు. 1918లో వైరస్ అంటే ఏమిటో డాక్టర్లకే సరిగ్గా తెలియదు. ‘ఏ ప్రయోజనానికో ముందే చెప్పి తీరాలంటే, ఎవరూ ఊహించని ప్రయోజనాలన్నీ పోతాయి. వైద్యంలో గొప్పవన్నీ అలాంటివే’ అంది.

దీనికి నా దగ్గర తేలికైన జవాబు లేదు. కానీ ఆ కథకే ఇంకో సగం ఉంది. అదే వైరస్ కోసం యోహాన్ హుల్టిన్ అనే పరిశోధకుడు అలాస్కాలోని బ్రెవిగ్ మిషన్ అనే చిన్న ఊరికి రెండుసార్లు వెళ్లాడు. 1918లో చనిపోయినవాళ్లను అక్కడ గడ్డకట్టిన నేలలో సామూహికంగా పాతిపెట్టారు. 1951లో విద్యార్థిగా వెళ్లినప్పుడు ఊరి పెద్దల అనుమతి అడిగాకే తవ్వాడు. ల్యాబులో వైరస్ బతికి రాలేదు. 1997లో టాబెన్‌బర్గర్ పని గురించి చదివి, డెబ్బై రెండేళ్ల వయసులో మళ్లీ వెళ్లాడు. మళ్లీ అడిగాడు. పని ముగిశాక సమాధి మీద కొత్త చెక్క శిలువలు నిలబెట్టి వచ్చాడు. ఆ తవ్వకంలో దొరికిన ఒక స్త్రీ ఊపిరితిత్తుల నుంచే జన్యుక్రమంలో చాలా భాగం పూర్తయింది.

చనిపోయినవాళ్లను ఎవరూ అడగలేరు, హుల్టిన్ కూడా అడగలేదు. కానీ వాళ్ల వాళ్లు ఎవరో వెతికి, వాళ్లకు చెప్పాడు. 1951లో చెప్పింది 1997కి చాలదనుకున్నాడు. నేను కోరుతున్నది అదే. ముందే అన్నీ ఊహించి చెప్పాలని నేనూ అనను. ఊహించనిది ఎదురైనప్పుడు వచ్చి చెప్పాలంటాను. స్నేహితురాలు ఒప్పుకోలేదు. ‘ఒక ఊరికి వెళ్లి చెప్పడం వేరు, నా గదిలోని దిమ్మలన్నింటికీ మనుషులను వెతకడం వేరు’ అంది.

చెప్పకపోతే ఏమవుతుందో కూడా లెక్కలోకి తీసుకోవాలి. టెక్సస్‌లో పుట్టిన ప్రతి బిడ్డ మడమ గుచ్చి, వ్యాధి పరీక్షల కోసం కాగితం మీద రక్తపు చుక్కలు తీసేవారు. ఆ కాగితాలను తల్లిదండ్రులకు చెప్పకుండా దాచి, పరిశోధనకు వాడారు. 2009లో కొందరు తల్లిదండ్రులు కేసు వేశారు. రాజీలో భాగంగా 50 లక్షలకు పైగా నమూనాలను నాశనం చేయాల్సి వచ్చింది. వాటిలో కొన్ని వందలు సైన్యపు డీఎన్‌ఏ ప్రయోగశాలకు వెళ్లాయని తర్వాత బయటపడింది. నా స్నేహితురాలు ఏ నిధి కోసం వాదిస్తోందో అలాంటి నిధి బూడిదైంది. దానికి కారణం కఠినమైన నియమాలు కావు. నియమం లేకుండా నెట్టుకొచ్చిన అలవాటు.

చెప్పి ఉంటే ముందే తెలిసేది

అమెరికాలోని గ్రాండ్ కాన్యన్ లోయ అడుగున బతికే హవాసుపాయి తెగవాళ్లు 1990ల తొలినాళ్లలో అరిజోనా స్టేట్ విశ్వవిద్యాలయ పరిశోధకులకు రక్తం ఇచ్చారు. తమ వాళ్లను పీడిస్తున్న మధుమేహం గురించి తెలుస్తుందని ఇచ్చారు. 2003లో ఆ తెగకు చెందిన కార్లెటా టిలూసి అదే విశ్వవిద్యాలయంలో ఒక పరిశోధన పత్రం మీద జరుగుతున్న చర్చకు వెళ్లి కూర్చుంది. అక్కడ వింటుంటే తెలిసింది, తమ రక్తాన్ని మధుమేహంతో సంబంధం లేని పరిశోధనలకు కూడా వాడారని. స్కిజోఫ్రీనియా అనే మానసిక వ్యాధి గురించి, దగ్గరి సంబంధాల పెళ్లిళ్ల గురించి, తెగ ఎక్కడి నుంచి వలస వచ్చిందన్న దాని గురించి పరిశోధనలు జరిగాయి. తాము ఆ లోయలోనే పుట్టామని నమ్మే జనం వాళ్లు. 2010లో విశ్వవిద్యాలయం 41 మందికి 7 లక్షల డాలర్లు చెల్లించి, మిగిలిన రక్తాన్ని తిరిగిచ్చింది. వాళ్లు వెళ్లి దాన్ని తీసుకొచ్చుకున్నారు.

అంగీకార పత్రంలో పరిధి విశాలంగానే ఉందని అప్పట్లో కొందరు పరిశోధకులు వాదించారు. ఉండవచ్చు. పత్రం చట్టప్రకారం సరిగ్గా ఉన్నా జరిగింది ఇదే కదా అన్నది నా వాదనకు మరింత బలం. రెండో అధ్యయనం మొదలైనప్పుడే ఒక్క ఉత్తరం వెళ్లి ఉంటే ‘వద్దు’ అని అప్పుడే చెప్పేవారు. లేదా బేరం మాట్లాడేవారు. ఎవరికి తెలుసు, కొందరు సరేనని ఉండేవారేమో కూడా.

ఒకరి సంతకం ఒకరిదే కాదన్న చిక్కు ఒకటి ఉంది. మా బంధువుల్లో ఒకాయన సరదాకు ఉమ్మితో చేసే జన్యు పరీక్ష చేయించుకుని, గుండె జబ్బు అవకాశం ఎక్కువని వచ్చిన ఫలితాన్ని కుటుంబ వాట్సాప్ గ్రూపులో పెట్టాడు. జాగ్రత్త కోసమే పెట్టాడు. ఆయన అన్న కూతురు రెండు రోజులు ఫోన్ ఎత్తలేదు. ‘బాబాయ్, నాకు తెలియాలని నేను అడిగానా?’ అని తర్వాత నిలదీసింది. 2018లో కాలిఫోర్నియాలో దశాబ్దాల నాటి హంతకుణ్ణి పట్టుకున్నది కూడా దూరపు బంధువులు ఒక వంశవృక్షాల వెబ్‌సైట్‌లో పెట్టుకున్న డీఎన్‌ఏతోనే. పట్టుబడ్డవాడి మీద నాకే సానుభూతీ లేదు. ఆ బంధువులు మాత్రం ముత్తాతల ఊరు తెలుసుకోవాలనుకున్నారు, అంతే.

ఐస్‌లాండ్ ఇంకో అడుగు ముందుంది. అక్కడ డీకోడ్ అనే జన్యు పరిశోధన కంపెనీ దగ్గర ఉన్న జన్యు వివరాలకు వంశవృక్షాలు తోడై, నమూనా ఇవ్వనివాళ్లలో కూడా రొమ్ము క్యాన్సర్ ముప్పు తెచ్చే బీఆర్‌సీఏ2 అనే జన్యువులోని మార్పు ఎవరెవరికి ఉండవచ్చో లెక్కగట్టగలిగే స్థితి వచ్చింది. వాళ్లకు చెప్పాలని కంపెనీ అధిపతి కారీ స్టెఫాన్సన్ ఏళ్ల తరబడి వాదించాడు. అడగనివాళ్లకు చెప్పరాదని అధికారులు అడ్డుపడ్డారు. నేను ఇప్పటిదాకా చెబుతున్న లెక్క చెప్పే బాధ్యతకు ఇది గట్టి దెబ్బ. తెలుసుకోకుండా ఉండే హక్కు కూడా మనిషికి ఉంది. మానవ జన్యువుల మీద 1997లో యునెస్కో చేసిన ప్రకటనలో ఆ మాట స్పష్టంగా ఉంది. 2018లో ఐస్‌లాండ్‌లో ఒక దారి దొరికింది. కావాలనుకున్నవాళ్లు వెబ్‌సైట్‌లో అడిగితే చెప్పేలా ఏర్పాటు చేశారు. వేల మంది అడిగారు, మిగతావాళ్లు ఊరుకున్నారు.

ఈ దారి నాకు నచ్చింది. లెక్క చెప్పడమంటే ఎవరో ఫోన్ చేసి మీకు ఫలానా జబ్బు రాబోతోందని చెప్పడం కాదు. నా నమూనాకు ఒక సంఖ్య ఇచ్చి, దాన్ని ఎవరు తీసుకున్నారు, ఎందుకు, డబ్బు చేతులు మారిందా అన్నవి ఒకచోట రాసి ఉంచాలి. చూడాలనుకుంటే నేను చూస్తాను. మా అక్క చచ్చినా చూడదు.

భారం ఎవరు మోయాలి

ఇది మరీ కొత్త ఊహేమీ కాదు. 2015లో అమెరికా ప్రభుత్వం పరిశోధన నియమాలను సవరిస్తూ, పేరు తీసేసిన నమూనాలకు కూడా అంగీకారం తప్పనిసరి చేయాలని ప్రతిపాదించింది. పరిశోధన సంస్థల నుంచి వ్యతిరేకత వెల్లువెత్తింది. 2017 నాటి తుది నియమాల్లో అది లేదు. దాని బదులు, నమూనాతో వ్యాపారం జరిగే అవకాశం ఉంటే, అందులో దాతకు వాటా ఉంటుందో ఉండదో పత్రంలో చెప్పాలన్నారు. మళ్లీ సంతకానికి ముందు ఇంకో వాక్యం. పేరు తీసేయడమే రక్షణ అన్న నమ్మకం కూడా అలాగే మిగిలింది. కాలిఫోర్నియా హంతకుడు తన డీఎన్‌ఏను ఏ వెబ్‌సైట్‌కూ ఇవ్వలేదు. అయినా బంధువుల ద్వారా దొరికాడు. జన్యుక్రమంలో పేరు చెరిపేయడం అంత తేలిక కాదు.

దాచుకున్నవాడే మారిపోతే? ఉమ్మి నమూనాలతో జన్యు పరీక్షలు చేసే ట్వంటీత్రీ అండ్ మీ కంపెనీ 2025 మార్చిలో దివాలా దాఖలు చేసినప్పుడు కోటిన్నర మంది జన్యు వివరాలు అమ్మకపు ఆస్తుల జాబితాలోకి చేరాయి. మీ వివరాలు చెరిపేయమని కోరండని కాలిఫోర్నియా అటార్నీ జనరల్ జనానికి చెప్పాల్సి వచ్చింది. చివరికి కంపెనీ వ్యవస్థాపకుల్లో ఒకామె నడిపే లాభాపేక్ష లేని సంస్థే 30.5 కోట్ల డాలర్లకు కొనుక్కుంది కనుక కథ ప్రశాంతంగా ముగిసింది. వేరెవరైనా కొని ఉంటే? ఆ సంతకాలు పెట్టినవాళ్లు ఒక కంపెనీని నమ్మారు, దాని అప్పులవాళ్లను కాదు.

ఇవన్నీ స్నేహితురాలి ముందు పెట్టాను. ఆమె అభ్యంతరం ఇప్పుడు మారింది. ‘ప్రతి ముక్కకూ ఖాతా రాయమంటే చిన్న ఆసుపత్రులు ఏం చేస్తాయో తెలుసా? గడువు తీరగానే దిమ్మలు పారేస్తాయి. పదేళ్ల తర్వాత క్యాన్సర్ తిరగబెట్టిన రోగికి పాత దిమ్మ కావాలంటే ఎక్కడ తెస్తావు?’ అంది. ఇది నేను ఆలోచించని మాట. పాత దిమ్మ తీసి మళ్లీ పరీక్షించడం వల్ల మందు మారి బతికినవాళ్లను ఆమె చూసింది.

అందుకే నా కోరికను కుదించుకున్నాను. రోగి వైద్యం కోసమే దాచినంత కాలం ఏ ఖాతా అక్కరలేదు. ఆ నమూనా సంస్థ గడప దాటి వేరొకరి పనికి వెళ్లినప్పుడు బాధ్యత మొదలవ్వాలి. ఖర్చు తీసుకున్నవాడిది. ‘గడప దాటించకుండా కంపెనీవాళ్లే లోపల ల్యాబు పెట్టుకుంటారు’ అంది వెంటనే. అవును, పెట్టుకుంటారు. అందుకని డబ్బు షరతు విడిగా ఉండాలి. నమూనా కదిలినా కదలకపోయినా, దాని మీద ఒప్పందమో పేటెంటో జరిగిన రోజున ఖాతాలో రాయాలి. మూర్ కేసులో ఇది ఉండి ఉంటే, ఆ రెండో పత్రం ముందుకు రాకముందే ఆయనకు సంగతి తెలిసేది.

ఇప్పటికే గోదాముల్లో ఉన్న పాత దిమ్మల సంగతి మాత్రం మా ఇద్దరికీ తేలలేదు. వాటిలో చాలావాటికి పేర్లు లేవు, ఉన్నవాళ్లలో చాలామంది లేరు. పాతవాటికి మినహాయింపు ఇచ్చి కొత్తవాటితో మొదలుపెట్టాలని ఆమె అంటుంది. మినహాయింపు ఇవ్వాల్సి వస్తే, ఆ దిమ్మలను ఎవరు, దేనికి వాడుతున్నారో కనీసం బహిరంగ జాబితాలో పెట్టాలని నేనంటాను. అలాంటి జాబితా ఉంటే ఎవరైనా చదువుతారా అని అడిగింది. టిలూసి లాంటివాళ్లు చదువుతారన్నాను.